పదమూడో పిల్ల

పదమూడుమందిని ఎలా విడదీసినా ఒకరు మిగులుతారు. ఇద్దరిద్దరుగా నిలబెట్టండి, ఒకరు మిగులుతారు. ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టండి, అప్పుడూ అంతే. మా బడి భోజనాల హాల్లో టేబులుకి నలుగురు పడతారు. మూడు టేబుళ్లు నిండాక నాలుగో టేబులు దగ్గర ట్రే పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంటుంది. ఆ పిల్లని నేనే. పేరు సోరా. నాకు లెక్కలు రావని టీచర్లందరూ ముక్తకంఠంతో చెప్పేవారు గానీ, ఈ ఒక్క లెక్కలో మాత్రం నన్ను మించినవాళ్లు ఆ బడిలో లేరు.

సియోల్‌కి చాలా దూరంగా, మా దేశపు దక్షిణ తీరంలో చిన్న రేవు ఊరది. సముద్రపు నాచుని పలచటి కాగితాల్లా ఆరబెట్టే ఫ్యాక్టరీలో చలికాలమంతా పని దొరుకుతుందని అమ్మ ముందు వచ్చింది, వెనకే నేను వచ్చాను. నాన్న సంగతి అడక్కండి, ఆయనకిప్పుడు వేరే ఇల్లుంది. మార్చిలో బడి తెరవగానే ఆడపిల్లల హైస్కూల్లో రెండో ఏడాదిలో చేరాను. అప్పటికి ఆ క్లాసులో ఉన్నది పన్నెండుమందే. ఊహ తెలిసినప్పటి నుంచీ కలిసి పెరిగినవాళ్లు. ఒకరింట్లో కుక్క ఈనితే సాయంత్రానికల్లా మిగతా అందరూ కుక్కపిల్లలకి పేర్లు పెట్టేస్తారు.

మా క్లాసు టీచరు గూ సారు. ఇంగ్లీషు చెప్పేదీ ఆయనే. రిటైరు కావడానికి దగ్గరపడ్డ మనిషి, ఎప్పుడూ నిద్ర చాలని మొహంతో ఉంటాడు. అలాంటివాడు మొదటిరోజు నన్ను చూసి, "వచ్చావా! పదమూడు!" అంటూ చేతులు రుద్దుకున్నాడు. సొరుగులోంచి చిన్న పెరుగు సీసా తీసి, స్ట్రా గుచ్చి మరీ చేతికిచ్చాడు. నా జన్మలో నన్ను చూసి అంత సంబరపడిన టీచరు లేడు. నక్కతోక తొక్కి వచ్చాననుకున్నాను.

ఆ సంబరం ఆయనతోనే ఆగిపోయింది. పిల్లలు నన్నేమీ అనలేదు. అసలు బాధ అదే. తిడితే తిరిగి తిట్టొచ్చు, జుట్టు పట్టుకుంటే జుట్టు పట్టుకోవచ్చు. వీళ్లు పలకరిస్తారు, నవ్వుతారు, పక్కకి జరిగి దారి కూడా ఇస్తారు. నేను దాటిపోయాక మళ్లీ దగ్గరగా జరిగి మాటల్లో పడతారు. జూన్ వచ్చినా నేను "కొత్త పిల్ల"నే. మొదటి పరీక్షల్లో అన్ని సబ్జెక్టుల్లోనూ నేనే ఆఖరు. అప్పుడు మాత్రం గావుల్ అనే పిల్ల నన్ను తలుచుకుంది. దాని నోటికి అదుపూ ఆజ్ఞా లేవు. "ఇల్లన్నాక నేల ఉండాలి, క్లాసన్నాక సోరా ఉండాలి. మన కాళ్ల కింద నేల గట్టిగానే ఉందే, ఇంక భయం లేదు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ల నోట నా పేరు వినడం అదే మొదటిసారి మరి.

వలలు బాగుచేసే షాపు వెనక గదిలో అద్దెకుండేవాళ్లం. అమ్మ వచ్చేసరికి పొద్దుగూకేది. నేను బడి నుంచి రాగానే బియ్యం కడిగి కుక్కర్లో పెట్టేదాన్ని. మా దేశపు రైస్ కుక్కర్లకి నోరుంటుంది. "రుచికరమైన అన్నం వండడం మొదలుపెడుతున్నాను" అంటుంది ఒక ఆడగొంతు. కాసేపటికి "ఆవిరి వదులుతున్నాను, జాగ్రత్త" అంటుంది. నేను "సరేలే" అనేదాన్ని. పొద్దున హాజరు పిలిచినప్పుడు పలికాక, మళ్లీ నేను నోరు విప్పేది అక్కడే.

జూన్‌లో అమ్మకి సున్‌చాన్ పట్నంలో ఒక ఆసుపత్రి వంటశాలలో పని కుదిరింది. ఈ ఊళ్లో నాచు పని ఎప్పుడో అయిపోయింది, అప్పటి నుంచీ దొరికిన చేపనల్లా శుభ్రం చేస్తూ నెట్టుకొచ్చింది. "నెలాఖరుకి సర్దేద్దాం. నీ టీసీ సంగతి బళ్లో చెప్పు" అంది. సంతోషంగానే సరేనన్నాను. వదిలిపోతున్నందుకు బాధపడాలంటే, ముందు ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

మర్నాడు గూ సారుకి చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయి కదమ్మా. సెలవులిచ్చేదాకా ఆగకూడదా? మధ్యలో వెళ్తే కొత్త బళ్లో ఇబ్బంది పడతావు."

"ఇక్కడ మాత్రం ఏం వెలగబెడుతున్నాను సార్?"

"అలా అనకూడదు. నువ్వు మాకు..." అని ఏదో అనబోయి, "మీ అమ్మగారితో ఇంకోసారి మాట్లాడు" అని ముగించాడు.

ఆ తరవాతి రోజు సాయంత్రం క్లాసులయ్యాక నేను సంచీ సర్దుకుంటుంటే యేరిమ్ వచ్చి నా ముందు నిలబడింది. యేరిమ్ అంటే మా క్లాసులో ఫస్టు. ఒక సబ్జెక్టులో కాదు, అన్నిట్లోనూ. సన్నగా ఉంటుంది, ఆలోచించేటప్పుడు చెవి పక్క వెంట్రుక వేలికి చుట్టుకుంటుంది. సియోల్‌లో ఫార్మసీ చదవాలని పట్టుదల. వాళ్లమ్మా నాన్నా సముద్రంలో నత్తలు పెంచుతారు. మూడు నెలల్లో నాతో తను మాట్లాడింది, "ఈ కిటికీ మూయనా?" అన్న ఒక్క మాట.

"సోరా, ఇంగ్లీషు ఎక్కడిదాకా చదివావు?"

"పుస్తకం మీద నా పేరు రాసుకున్నదాకా."

ఫక్కున నవ్వింది. "నాతో చదువుతావా? సంగీతం గది ఖాళీగానే ఉంటుంది. ఎవరికైనా చెబుతూ చదివితే నాకూ బుర్రకెక్కుతుంది."

ఊరికే రారు మహానుభావులు అంటారు. ఆ సామెత నాకూ తెలుసు. కానీ ఆకలిగా ఉన్నవాళ్లు వడ్డించేవాళ్ల చెయ్యి చూస్తారా, మొహం చూస్తారా? సంచీ భుజాన వేసుకుని వెనకాలే నడిచాను.

వానాకాలం మొదలైంది. సంగీతం టీచరు వారానికోసారి పక్క ద్వీపం నుంచి వచ్చేది, తక్కిన రోజుల్లో ఆ గదిలో పాత పియానో తప్ప ఎవరూ ఉండరు. పియానో పైనే కాగితాలు పరిచేవాళ్లం. గూ సారు పరీక్షకి ముందు ఖాళీలున్న కాగితాలు పంచుతాడు, ఆ ఖాళీలన్నీ బట్టీపడితే గట్టెక్కినట్టే. సగం వ్యాకరణం. మిగతా సగం, పుస్తకం చివర ఒక పద్యం ఉంది గనక, సాహిత్యంలో వాడే అలంకారాలూ వాటి ఇంగ్లీషు పేర్లూ. ఆ పేర్లు పలకడానికే నా నాలుక మడతపడేది.

"పేర్లు తరవాత, ముందు సంగతి అర్థం చేసుకో" అంది యేరిమ్. "ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి, 'లాగా' అని పైకి చెబితే ఉపమ. 'లాగా' తీసేసి అదే ఇది అనేస్తే రూపకం. ఏదీ, ఒక ఉపమ చెప్పు."

"గావుల్ నోరు చేపల మార్కెట్ లాగా ఉంటుంది."

యేరిమ్ పెదాలు బిగబట్టింది. "రూపకం?"

"గావుల్ నోరు చేపల మార్కెట్."

దాని నవ్వుకి చెయ్యి పియానో మెట్ల మీద పడి గదంతా మోగింది. "పూర్తి మార్కులే నీకు! దానికి మాత్రం చెప్పకు, చంపేస్తుంది ఇద్దర్నీ" అంది. ఇద్దర్నీ అంది. ఇంటికెళ్లేదాకా ఆ మాటే నోట్లో చప్పరించుకుంటూ నడిచాను.

మరో రోజు, ప్రాణం లేనివాటికి మనిషి గుణాలు అంటగట్టే అలంకారం వచ్చింది. గాలి గుసగుసలాడింది, చందమామ నవ్వాడు, అలాంటివి. నన్నొకటి చెప్పమంది.

"మా కుక్కర్ నాతో మాట్లాడుతుంది."

"అది మాట్లాడేలాగే తయారుచేశారు సోరా. అది లెక్కలోకి రాదు."

"రాకపోతే పోయిందిలే. మా ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కటే."

నవ్విద్దామనే అన్నాను. యేరిమ్ నవ్వలేదు. నా కాగితం తన వైపు లాక్కుని, నేను తప్పు రాసిన చోట్లన్నీ ఎర్ర పెన్నుతో దిద్దుతూ కూర్చుంది. తల ఎత్తలేదు.

వ్యాకరణంలో నన్ను చంపుకుతిన్నది ఒకటే, జరగని సంగతిని జరిగినట్టు ఊహించి చెప్పే వాక్యం. 'నేనొక పక్షినైతే నీ దగ్గరికి ఎగిరొచ్చేదాన్ని' అని ప్రతి పుస్తకంలోనూ ఒక పక్షి ఉంటుంది. "పక్షివి కాదని నీకూ తెలుసు, వినేవాళ్లకీ తెలుసు. ఇద్దరికీ తెలిసి కూడా చెప్పుకునే మాట. అంతే, అందులో భయపడ్డానికేం లేదు" అని యేరిమ్ ఒకటే వాక్యాన్ని పదిసార్లు రాయించింది. నాకు అంత ఓపిగ్గా ఎవరూ ఏదీ చెప్పలేదు. అమ్మకి ఓపిక లేదు, టీచర్లకి తీరిక లేదు.

ఇంటికెళ్లి అమ్మతో అన్నాను, సెలవులిచ్చాకే వస్తానని.

"నిన్నటిదాకా ఈ ఊరంటేనే మొహం మాడ్చుకున్నావు, ఇవాళేమొచ్చింది?"

"పరీక్షలు రాసి వస్తా అమ్మా. బాగా చదువుతున్నా."

అమ్మ నా మొహంలోకి అనుమానంగా చూసింది. "మగపిల్లాడా?"

"ఆడపిల్లల బడి అమ్మా అది!"

"ఏమో తల్లీ, చదువుతున్నానంటే ఇంకేం అనుకోను?" అంది. కానీ లోలోపల మురిసింది. వెంటనే చేరకపోతే ఆ పని పోతుంది గనక తను ముందు వెళ్లేటట్టూ, ఇంటి యజమాని ముసలమ్మ నన్ను కనిపెట్టుకుని ఉండేటట్టూ మాట్లాడుకున్నారు. ఆ ముసలమ్మకి చెవుడు. కనిపెట్టుకోవడమంటే గుమ్మంలో నా చెప్పులున్నాయో లేవో చూసి వెళ్లిపోయేది. అమ్మ బస్సెక్కిన రోజు ఇంటికొచ్చి కుక్కర్లో ఒక్కదాని బియ్యం పోశాను. గిన్నె అడుగున ఒక వేలు మందాన కూడా లేవు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను, తిన్నాను, పద్యం బట్టీపట్టాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే యేరిమ్ వాళ్లమ్మ. మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, చేతిలో అట్టపెట్టె. పరీక్షల ముందు పెద్దవాళ్లు పిల్లలకి పెట్టే జిగురు బియ్యం ఉండలు అందులో ఉన్నాయి. చేతికంటుకున్నట్టే మార్కులూ అంటుకుంటాయని మా వాళ్ల నమ్మకం.

"ఏం తల్లీ, ఒక్కదానివే ఉంటన్నావంట. తిన్నావా? అయ్యో, ఎంత సన్నగా ఉన్నావే! ఇదిగో, ఇవి తిను. మా యేరిమ్ రోజూ నీ గురించే చెబుద్ది."

నా గురించి ఇంట్లో చెబుతుందట! ఆవిణ్ణి కూర్చోమనడం కూడా మరిచిపోయాను. ఆవిడే గడప మీద కూర్చుని, బూట్లు విప్పకుండా, నా చెయ్యి పట్టుకుంది. గరుకు చెయ్యి, ఉప్పు వాసన.

"తల్లీ, సెలవులిచ్చేదాకా ఉంటావుగా? మధ్యలో పేరు తీయించవుగా?"

"ఉంటాను ఆంటీ."

"అంతే చాలమ్మా, చాలు. నువ్వు పరీక్షలో ఏం రాసినా పర్లేదు. సున్నా వచ్చినా పర్లేదు. రిజిస్టర్లో నీ పేరుంటే చాలు, మా పిల్ల గట్టెక్కుద్ది."

నాకు అర్థం కాలేదని ఆవిడకి తెలిసింది. దాచుకోవాల్సిన సంగతని మాత్రం తెలియలేదు పాపం.

"నీకు తెలీదా? వందమందిలో నలుగురికే మొదటి గ్రేడంట, అది లేందే ఫార్మసీ సీటు రాదంట. పదమూడుమంది ఉంటే ఆ లెక్క సగం దాటుద్దంట, అప్పుడు ఒకరికి ఇస్తారు. పన్నెండైతే సగం దాటదంట, ఎవరికీ లేదు. పోయినేడంతా మా పిల్ల అన్నిట్లో ఫస్టొచ్చినా కాయితం మీద రెండే పడింది. ఎంత ఏడ్చిందో! నువ్వొచ్చావు, దేవుడు పంపినట్టు. మళ్లీ నువ్వెళ్లిపోతన్నావని సారు చెప్పిన రోజు అది అన్నం ముట్టలేదు. నేనే అన్నా, ఏడుస్తా కూచుంటే పని అవుద్దా, పోయి ఆ పిల్లతో నాలుగు మంచి మాటలు మాట్టాడు, నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది అని."

ఇప్పుడు ఆ గ్రేడుల పద్ధతి మార్చేశారు. అప్పట్లో మాత్రం దేశంలో బడికెళ్లే ప్రతి పిల్లకీ ఆ లెక్క వచ్చు, నాకు తప్ప. అంతకుముందు నేను చదివిన పట్నం బళ్లో వందలమంది, నేను వాళ్లలో అట్టడుగున. మొదటి గ్రేడు ఎవరికి వస్తుందో, ఎందుకు వస్తుందో నాకెందుకు? అంబలి తాగేవాడు పాయసంలో పంచదార లెక్క అడుగుతాడా?

ఆవిడ చూస్తుండగానే ఒక ఉండ నోట్లో పెట్టుకున్నాను. "బావుంది ఆంటీ" అన్నాను. ఆవిడ నా తల నిమిరి, దీవించి, వాన మొదలవుతోందని వెళ్లిపోయింది.

కోపం రాలేదా అంటే, వచ్చింది. గూ సారు పెరుగు సీసా గుర్తొచ్చింది, యేరిమ్ నవ్వు గుర్తొచ్చింది, గోడకేసి కొట్టడానికి చేతిలో ఏదీ లేక దిండుని కొట్టాను. మర్నాడు క్లాసులో అందరి ముందూ కడిగేద్దామనుకున్నాను. కడిగేస్తే ఏమవుతుంది? యేరిమ్ తల దించుకుంటుంది. క్షమించమంటుంది. ఆ తరవాత సంగీతం గదికి రాదు. దాని క్షమాపణ నేనేం చేసుకోను? సాయంత్రం తలుపు తోసుకుని "సోరా, మొదలుపెడదామా?" అంటూ వచ్చే మనిషి కావాలి నాకు. అందుకని ఏమీ తెలియనట్టే వెళ్లి కూర్చున్నాను.

చిన్న చిన్న కసి తీర్చుకోలేదని చెప్పను. ఒకసారి కావాలని తుమ్మాను. "జ్వరమా?" అని యేరిమ్ తన కోటు విప్పి నా మీద కప్పింది. ఇంకోసారి, "అమ్మ ఈ వారమే వచ్చేయమంటోంది" అన్నాను, దాని చేతిలో పెన్ను ఆగిపోవడం చూసి, "పరీక్షలయ్యాకే అన్నాన్లే" అని ఊరట ఇచ్చాను. దాని మొహంలో రక్తం వెళ్లడం, తిరిగి రావడం చూస్తుంటే, నా వల్ల ఒక మనిషి మొహం మారుతోంది కదా అని ఒక రకమైన తృప్తి. సిగ్గుమాలిన తృప్తే, కానీ తృప్తే.

ఆఖరున నాటకాల్లో వచ్చే వ్యంగ్యం గురించి చెప్పింది. "చూసేవాళ్లకి అసలు సంగతి తెలుసు. కథలో ఉన్న మనిషికే తెలియదు. తెలియకుండానే అన్నీ చేసుకుపోతుంటుంది. చూసేవాళ్లకి జాలేస్తుంది. అర్థమైందా?"

"బాగా అర్థమైంది" అన్నాను. నాకు నిజంగానే యేరిమ్ మీద జాలేసింది.

ఇంగ్లీషు పరీక్ష నా పుట్టినరోజున పడింది. మా ఆచారం ప్రకారం పుట్టినరోజు పొద్దున్నే సముద్రపు నాచు చారు తాగాలి, పరీక్ష రోజున దాని మొహం కూడా చూడకూడదు, నాచు జారుడు గనక పరీక్షలోనూ జారిపోతామంటారు. ఆ ఊళ్లో అందరూ బతికేది నాచు మీదే, అయినా పరీక్షల వారంలో బళ్లో ఆ చారు వండరు. అమ్మ ఫోన్ చేసి, "సాయంత్రం వచ్చాక చేసుకుని తాగు" అంది. అలాగే అన్నాను. పుట్టినరోజని ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లుంటే కదా.

కాగితం తిప్పి చూసి నా కళ్లని నేనే నమ్మలేదు. నాకు వచ్చు. అన్నీ కాదు, కానీ వచ్చు. పక్షి ఉంది, చందమామ ఉన్నాడు, ఉపమ ఉంది. చేప నీళ్లు తాగినట్టు రాసేశానని అబద్ధం చెప్పను, చెమటలు కారుస్తూ రాశాను, కానీ ఖాళీ వదలకుండా రాశాను. మార్కులొచ్చినప్పుడు ఇంగ్లీషులో నేను నడిమి వరసలో ఉన్నాను. యేరిమ్ ఫస్టు, ఈసారి కాగితం మీద కూడా. గావుల్ ఆఖరు. అది నా డెస్కు దగ్గరికి వచ్చి, "ఏమే, నేలవి నువ్వు కదా, నన్ను తొక్కుకుంటూ పైకెళ్లిపోయావేంటి?" అంది. నవ్వుతూనే అంది గానీ దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి. యేరిమ్ మాత్రం వరండాలో అందరూ చూస్తుండగా నన్ను గట్టిగా కౌగిలించుకుంది. నా ఎముకలు విరుగుతాయనిపించింది. విరిగినా బావుండేదనిపించింది.

పరీక్షలైపోయాయి గనక చదవాల్సిందేమీ లేదు. సెలవులకింకా కొన్నాళ్లుంది. నేను రోజూ సాయంత్రం సంగీతం గదికి వెళ్లి కూర్చున్నాను. యేరిమ్ రాలేదు. వరండాలో కనిపిస్తే నవ్వేది, చెయ్యి ఊపేది. మధ్యాహ్నం తన టేబుల్లో, తనవాళ్ల నలుగురిలో తను. నేను నా టేబుల్లో. ఏరు దాటాక తెప్ప తగలేశారని అనడానికి కూడా లేదు. తెప్ప అక్కడే ఒడ్డున ఉంది, దాన్ని తగలేసేంత కోపం కూడా దాని మీద ఎవరికీ లేదు.

సెలవులిచ్చే రోజు వచ్చింది. టీసీ కావాలో వద్దో ఆ సాయంత్రానికి చెప్పమన్నాడు గూ సారు, ఆ మాట అంటూ నా వైపు చూడలేదు. అమ్మ వంటశాల నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది. పిల్లలందరూ వెళ్లిపోయాక చివరిసారిగా చూద్దామని సంగీతం గదికి వెళ్లాను. నా వెనకే తలుపు చప్పుడైంది.

యేరిమ్. చేతిలో రిబ్బను కట్టిన చాక్లెట్ పెట్టె.

"థాంక్స్ చెప్పలేదు నీకు" అంది.

"చెప్పావుగా, వరండాలో. ఎముకలింకా నొప్పెడుతున్నాయి."

నవ్వి, వెంట్రుక వేలికి చుట్టుకుంది. చుట్టుకుంటూనే ఉంది. "సోరా... వచ్చే సెమిస్టర్ ఉంటావా?"

ఇంక ఏమీ తెలియనట్టు ఉండే ఓపిక నాకు లేకపోయింది. "వచ్చే సెమిస్టర్‌కి కూడా పదమూడుమంది కావాలి. అంతేగా?"

దాని మొహం సున్నం కొట్టినట్టయింది. "నీకు తెలుసా?"

"మీ అమ్మ చెప్పింది. ఉండలు తెచ్చిన రోజు."

"అప్పటి నుంచీనా? అప్పటి నుంచీ తెలిసి కూడా రోజూ వచ్చి కూర్చున్నావా? ఎందుకు?"

"నువ్వొస్తున్నావు కాబట్టి."

యేరిమ్ నేల మీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. క్షమించమంది, నేను అనుకున్నట్టే. నన్ను నిజంగా ఇష్టపడుతోందనీ, మొదట్లో కాదుగానీ గావుల్ నోటి మాట చెప్పిన రోజు నుంచీ ఇష్టమనీ చెప్పింది. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. అబద్ధం చెప్పడం దానికి చేతకాదు, అదే దానితో వచ్చిన చిక్కు.

"ఏడవకు" అన్నాను. "ఉంటాను. వచ్చే సెమిస్టరే కాదు, చదువయ్యేదాకా ఇక్కడే ఉంటాను. ఒకటే అడుగుతాను. నాతో అన్నం తింటావా?"

"ఎప్పుడు? ఇప్పుడా?"

"బళ్లో. మధ్యాహ్నం, హాల్లో. నా టేబుల్లో."

యేరిమ్ ముక్కు తుడుచుకుని నా వైపు చూసింది.

"రోజూనా?" అంది.

చెడుగా అనలేదు. చిన్నప్పటి నుంచీ కలిసి తింటున్నవాళ్ల మొహాలు దాని కళ్ల ముందు తిరిగి ఉంటాయి, ఏం చెప్పి లేచి రావాలో తోచక ఉంటుంది. అంతే. ఆ మాటకి నేను సంచీ తీసుకుని వెళ్లిపోవాల్సింది. మీరైతే వెళ్లిపోయేవారు. నాకూ పౌరుషం ఉంది, ఇప్పటిదాకా చదివారుగా, ఎంతుందో మీకు తెలుసు. కానీ నాలుగో టేబులు దగ్గర కూర్చుని మూడు నెలలు ఒక్కరే తినండి, అప్పుడు చెప్పండి పౌరుషం గురించి.

"ఎన్ని రోజులు కుదురుతుంది నీకు?" అన్నాను.

అది నిజంగానే ఆలోచించింది. "మంగళవారం, గురువారం?"

"మూడు రోజులు."

"గావుల్ వాళ్లు ఏమనుకుంటారో..."

"మూడు."

బజార్లో చేపలకి బేరమాడినట్టు ఆడాం, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా. చివరికి యేరిమ్ "సరే, మూడు" అని, ఏయే రోజులో వేళ్ల మీద ఎంచి చెప్పి, చిటికెన వేలు చాపింది. నా చిటికెన వేలు కలిపాను. బొటనవేళ్లు ముద్రలేసినట్టు నొక్కుకున్నాం. దాని చెయ్యి తడిగా, వెచ్చగా ఉంది. నాకు సంతోషమేసింది. ఇదీ ఒక సంతోషమేనా అని మీకనిపించవచ్చు, నాకు మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించింది.

యేరిమ్ వెళ్లాక అమ్మకి ఫోన్ చేశాను. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో అరుస్తున్నారు.

"అమ్మా, నేను రావట్లేదు. ఇక్కడే చదువుకుంటాను."

గిన్నెల చప్పుడు దూరమైంది, బయటికి నడిచినట్టుంది.

"నీ కోసమని కిటికీ ఉన్న గది తీసుకున్నానే" అంది. "అమ్మ లేకుండా ఆ ఊళ్లో నీకెవరున్నారని ఉంటానంటున్నావు?"

"యేరిమ్ ఉందమ్మా" అన్నాను. "సోమ, బుధ, శుక్ర."